ఫ్రేజర్ లోయలో బొంతల ప్రదర్శన

వాంకూవర్ నుంచి తూర్పుగా ఫ్రేజర్ నది వెంట కారులో బయలుదేరితే సర్రే, లాంగ్లీ, ఆబట్స్‌ఫర్డ్, చిల్లివాక్ వరసగా వస్తాయి. దూరంగా మంచు కొండలు, దగ్గరగా బ్లూబెర్రీ తోటలు, పాడి ఆవుల కొట్టాలు. 1987లో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన తర్వాత మనవాళ్ళు చాలామంది కెనడా వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఇల్లు కట్టుకున్నది ఈ ప్రాంతంలోనే, ముఖ్యంగా సర్రేలో. మా కుటుంబం కూడా అంతే.

ఈ లోయలో వసంతం వచ్చినా, ఆకులు రాలే కాలం వచ్చినా ఏదో ఒక ఊళ్ళో క్విల్టు ప్రదర్శన ఉంటుంది. ఊరి కుట్టు సంఘం దాన్ని నడుపుతుంది. ఆ సంఘాన్ని ఇక్కడ గిల్డు అంటారు. చర్చి హాలు, బడి జిమ్ము, ఐస్ హాకీ ఆడే అరీనా, ఏది దొరికితే అది ప్రదర్శనశాల అవుతుంది. తలుపు దగ్గర బల్ల వేసుకుని ఇద్దరు పెద్దమ్మలు టికెట్లు ఇస్తారు. లోపల కాఫీ, బటర్ టార్టులు, సూదులూ దారాలూ అమ్మే అంగళ్ళు. దేశమంతటికీ కలిపి ఒక పెద్ద సంఘం కూడా ఉంది. కెనడియన్ క్విల్టర్స్ అసోసియేషన్ 1981లో పుట్టింది. అది ఒక్కో ఏడు ఒక్కో నగరంలో క్విల్ట్ కెనడా అనే పెద్ద ప్రదర్శన పెడుతుంది. కానీ నాకు ఇష్టమైనవి మాత్రం ఇలాంటి చిన్న ఊరి ప్రదర్శనలే.

క్విల్టు అంటే ఏమిటి? తెలుగులో దానికి మంచి మాట ఉంది: బొంత. బొంతకైనా క్విల్టుకైనా పొరలే ప్రాణం. పైన ఒక బట్ట, కింద ఒక బట్ట, మధ్యలో వెచ్చదనం ఇచ్చేది ఇంకేదైనా. ఈ పొరలన్నీ కదలకుండా పై నుంచి కింద దాకా సూదితో కుడితే అది బొంత. చిన్న చిన్న ముక్కలు అతికి పై బట్ట చేస్తే అది అతుకుల బొంత. ఈ మాట మీరు తెలుగు వార్తల్లో కూడా వింటారు. నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే, పత్రికలు దాన్ని అతుకుల బొంత అని ఎగతాళి చేస్తాయి. ఆ మాట రాసినవాళ్ళు ఈ హాలులోకి ఒకసారి వస్తే, అతుకుల బొంత ఎంత గట్టిగా ఉంటుందో తెలుస్తుంది.

హాలులో ఎత్తైన కర్రల చట్రాలకు క్విల్టులు వేలాడుతుంటాయి. వాటి మధ్య సందుల్లో మనం నడుస్తాం. ముట్టుకోవద్దు అని బోర్డు ఉంటుంది. వెనక కుట్టు చూడాలనిపిస్తే, తెల్ల చేతితొడుగులు వేసుకున్న కార్యకర్తను అడగాలి. ఆమె అంచు పట్టుకుని మెల్లగా తిప్పి చూపిస్తుంది. కుట్టు తెలిసినవాళ్ళు ముందు వైపు కంటే వెనక వైపే ఎక్కువసేపు చూస్తారని అక్కడే నేర్చుకున్నాను.

ప్రదర్శనను అంశాల ప్రకారం విభజిస్తారు. ఒక వరసలో పసిపిల్లల క్విల్టులు. ఒక వరసలో కెనడా ఋతువులు: మేపుల్ ఆకు, ఎగిరే బాతులు, మంచు. ఒక వరసలో గాయపడిన సైనికులకు ఇవ్వబోయేవి. క్విల్ట్స్ ఆఫ్ వేలర్ అనే సంస్థ 2006 నుంచి ఆ పని చేస్తోంది. మైదాన ప్రాంతాల ఆదివాసీ జాతులవాళ్ళు కుట్టే నక్షత్రపు దుప్పట్లు ఒక వరస. మధ్యలో ఒకే ఒక్క పెద్ద నక్షత్రం, ఎనిమిది కొసలు. వాళ్ళు వీటిని గౌరవించదలచిన మనిషి భుజాల చుట్టూ కప్పుతారు. మన దగ్గర శాలువా కప్పినట్టే.

నేను ఎక్కువసేపు ఆగింది మాత్రం ఒక మూల ఉన్న పాత క్విల్టుల దగ్గర. అక్కడ అంశం సంచులు. 1930లలో ఇక్కడ కరువూ, ఉద్యోగాలు లేని కాలమూ కలిసి వచ్చాయి. బట్ట కొనే డబ్బు లేక ఆడవాళ్ళు పిండి సంచులూ పంచదార సంచులూ విప్పి, ఉతికి, ఎండలో ఆరేసి, రంగు అక్షరాలు పోయేదాకా రుద్ది, క్విల్టుకు వెనక బట్టగా వేసేవాళ్ళు. ఎంత రుద్దినా కొన్ని అక్షరాలు పోవు. ఒక క్విల్టు వెనక వైపు తిప్పి చూపించినప్పుడు, వెలిసిపోయిన నీలం రంగులో పంచదార అన్న మాట ఇంగ్లీషులో సగం కనిపించింది.

పంచదార అనగానే మన ఇళ్ళలో ఎవరికైనా ఒక పాత సంగతి గుర్తొస్తుంది. వాంకూవర్ రేవులో, బర్రార్డ్ ఇన్లెట్ ఒడ్డున, ఎర్ర ఇటుకల పెద్ద పంచదార కర్మాగారం ఉంది. దాన్ని 1890లో బెంజమిన్ టింగ్లీ రోజర్స్ మొదలుపెట్టాడు. ఈ రాష్ట్రంలో రోజర్స్ పంచదార పేరు తెలియని వంటిల్లు లేదు. ఆ కంపెనీ 1905లో ఫిజీలోని నవువాలో చెరుకు తోట కొన్నది. దాని పేరు వాంకూవర్ ఫిజీ షుగర్ కంపెనీ. 1920ల మొదట్లో ఆ పని ఆగిపోయింది. నవువా ఎక్కడో కాదు, విటి లెవు ద్వీపం దక్షిణ తీరం. అక్కడ చెరుకు నరికింది గిర్మిటియాలు. గిర్మిట్ అంటే అగ్రిమెంట్ అన్న మాటే, మన పూర్వీకుల నాలుక మీద అలా మారింది. అయిదేళ్ళ ఒప్పందం. 1879లో మొదటి ఓడ కలకత్తా నుంచి ఫిజీ వచ్చింది. 1903 నుంచి మద్రాసు రేవు ఓడలు కూడా వచ్చాయి. తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడే మనుషులు ఆ ఓడల్లోనే వచ్చారు. మొత్తం మీద సుమారు అరవై వేల మంది. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

ఆ క్విల్టు 1930ల నాటిది. అప్పటికి నవువాలో వాంకూవర్ కంపెనీ పని ముగిసింది. కాబట్టి ఆ సంచిలో మనవాళ్ళు నరికిన చెరుకు ఉందని నేను అనడం లేదు. కానీ మనం కెనడాకు 1987 తర్వాతే వచ్చామని అనుకుంటాం. మనకంటే ఎనభై ఏళ్ళ ముందే మన చేతి పని ఇక్కడికి వచ్చింది. ఇక్కడి టీ కప్పుల్లో కరిగింది. సముద్రానికి ఆ ఒడ్డున తోటల్లో మన అవ్వలు గోనె సంచులు విప్పి పక్క వేసుకున్నారు. ఈ ఒడ్డున పొలాల్లో ఇంకెవరి అవ్వలో పంచదార సంచులు విప్పి క్విల్టు కుట్టుకున్నారు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇంకో వరసలో పూల క్విల్టులు ఉన్నాయి. పూల బట్ట నుంచి ఒక్కో పువ్వునూ, ఒక్కో పిట్టనూ అంచు వెంట కత్తిరించి, తెల్లటి బట్ట మీద అమర్చి కుట్టే పద్ధతి అది. ఈ పద్ధతి మొదలైనప్పుడు వాడిన పూల బట్ట ఎక్కడిదో తెలుసా? చాలావరకు కోరమాండల్ తీరానిది. అంటే మచిలీపట్నం వైపుది. ఇంగ్లీషు వర్తకులు 1611లోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. అక్కడివాళ్ళు కరక్కాయ రసంలో బట్ట నానబెట్టి, పటిక పూసి, చిరువేరుతో ఎర్ర రంగు ఎక్కించేవాళ్ళు. ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు పోదు. యూరప్‌లో అప్పటికి అలాంటి బట్ట ఎవరూ చేయలేకపోయేవారు. ఆ బట్ట మీద ఇంగ్లండులో ఎంత మోజు పెరిగిందంటే, అక్కడి నేతవాళ్ళు గొడవ చేసి దాని మీద నిషేధం తెప్పించారు. 1701లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం. బట్ట దొరకడం కష్టమైంది కాబట్టి ఆడవాళ్ళు చిన్న ముక్క కూడా పారేయకుండా దాచుకున్నారు. ఇంగ్లండులో ఇప్పటికీ మిగిలి ఉన్న అతుకుల క్విల్టుల్లో చాలా పాతది లెవెన్స్ హాల్ అనే ఇంట్లో ఉంది. అది 1708 నాటిదని చెబుతారు. అందులోని ముక్కలు భారతదేశపు పూల బట్టవే.

ఆ బట్టలు చూడాలంటే ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. టొరంటోలోని రాయల్ ఆంటారియో మ్యూజియంలో మన తీరపు పూల బట్టల పెద్ద సేకరణ ఉంది. 2020లో వాళ్ళు ఆ బట్టలతోనే ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. ఈనాడు కూడా మచిలీపట్నం పక్కన పెడన ఊళ్ళో చెక్క అచ్చులతో కలంకారీ బట్ట వేస్తున్నారు. ఒకే తీరం నుంచి రెండు రకాల సరుకు ఓడ ఎక్కింది. మొదట బట్ట వెళ్ళింది. దాన్ని జాగ్రత్తగా మడిచి, పెట్టెలో పెట్టి, ధర కట్టి పంపారు. తర్వాత మనుషులు వెళ్ళారు. వాళ్ళకు చేతిలో ఒక కంబళి, ఒక పళ్ళెం, ఒక చెంబు ఇచ్చారు.

మధ్యాహ్నం చేతికుట్టు తరగతి ఉంది. పన్నెండు కుర్చీలు, ఒక పొడుగు బల్ల. నాతో మా అన్న కూతురు వచ్చింది. దానికి పన్నెండేళ్ళు. తెలుగు చదవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. నేర్పించే ఆవిడకు డెబ్బై దాటాయి. వేలి కొసలు గట్టిపడి ఉన్నాయి. ఆవిడ చెప్పిన పద్ధతి మీకూ పనికొస్తుంది, రాస్తాను.

ముందు మూడు పొరలూ పరిచి ముడతలు లేకుండా పెద్ద పెద్ద కుట్లతో తాత్కాలికంగా కలపాలి. తర్వాత గుండ్రటి చట్రంలో బిగించాలి. మరీ బిగువుగా వద్దు, సూది ఊగడానికి కాస్త వదులు ఉండాలి. సూది పొట్టిగా ఉండాలి. దారం మోచేతి పొడవు చాలు, ఎక్కువైతే చిక్కు పడుతుంది. దారానికి తేనెమైనం రాస్తే జారుతుంది, తెగదు. ముడి వేసి పై పొరలోంచి చిన్నగా లాగితే టప్ మని ముడి లోపలికి పోయి దూదిలో దాక్కుంటుంది. ఇక కుట్టు. మధ్యవేలికి అంగుస్తానా తొడుక్కుని, సూదిని నిలువుగా దించి, కింద చేతి వేలికి కొస తగలగానే పైకి లేపాలి. అలా మూడు నాలుగు కుట్లు సూది మీదకు ఎక్కించుకుని ఒకేసారి లాగాలి. చేయి తిరిగినవాళ్ళు అంగుళానికి పది కుట్లు వేస్తారు. మొదలుపెట్టేవాళ్ళు సన్నదనం కోసం పాకులాడకూడదు. కుట్లన్నీ ఒకే పొడవు ఉంటే చాలు. సన్నదనం అదే వస్తుంది.

తరగతి చివర ఆవిడ అందరినీ అడిగింది, ఇంట్లో ఏ బట్టతో కుట్టాలనుకుంటున్నారు అని. నాకు చెప్పడానికి ఒక చిక్కు ఉంది. మా అమ్మ దగ్గర వాళ్ళ అమ్మవి మూడు నూలు చీరలు ఉన్నాయి. ఫిజీ నుంచి తెచ్చుకున్నవి. వాటిని కత్తిరించి క్విల్టు చేద్దామని నేను, కత్తెర పెట్టడానికి వీల్లేదని మా అన్న, రెండేళ్ళుగా వాదించుకుంటున్నాం. అన్న మాటలో న్యాయం ఉంది. కత్తిరించాక చీర తిరిగి రాదు. నా మాటలోనూ న్యాయం ఉంది. పెట్టెలోనే ఉంచితే మడతల దగ్గర చిరిగిపోతోంది.

ఆ సందేహం తీర్చింది మన బొంతే. ఆవిడకు మన బొంత గురించి చెబుతుంటే నాకే తట్టింది. మన పల్లెల్లో బొంత కుట్టేటప్పుడు సాధారణంగా చీరను ముక్కలు చేయరు. పాత చీరలను మడతలు వేసి నేల మీద ఒకదాని మీద ఒకటి పరుస్తారు. కొసల దగ్గర బరువు పెడతారు. చిరిగిన చోట ఒక అతుకు వేస్తారు. చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని, పెద్ద సూదితో, అంచు నుంచి లోపలికి సాదా కుట్టు వేసుకుంటూ పోతారు. మధ్యలో దూది అక్కర్లేదు. చీరే పై పొర, చీరే మధ్య పొర, చీరే కింది పొర. ఎన్నో ఉతుకులు పడిన నూలు మెత్తగా ఉంటుంది కాబట్టి పసిబిడ్డను దాని మీదే పడుకోబెడతారు. కత్తెరతో పని లేదు. మూడు చీరలు ఉన్నాయి, మూడు పొరలు అవుతాయి. ఆ రాత్రి ఫోనులో చెబితే మా అన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే కత్తెర లేకుండానే కానివ్వు" అన్నాడు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు అనే ప్రజలున్నారు. వాళ్ళ పూర్వీకులను ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చారు. వాళ్ళ ఆడవాళ్ళు కూడా పాతబట్టలతో బొంతలు కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి నాలుగు వైపులా తిరుగుతూ మధ్యకు చేరతారు. నాలుగు మూలలా మడత పెట్టిన చిన్న ముక్కలు పూవుల్లా కుడతారు. సముద్రం దాటించి తెచ్చిన మనుషులు ఏ ఒడ్డున ఉన్నా, చేతిలో ఉన్న పాత గుడ్డతోనే పక్క సిద్ధం చేసుకున్నారు. మన తాతముత్తాతలు కుట్టుకున్న బొంతలు మాత్రం మన ఇళ్ళలో మిగలలేదు. బొంతను దాచుకోరు, వాడతారు. అరిగి, పీలికలై, ఆఖరికి ఇల్లు తుడిచే గుడ్డ అవుతుంది.

ఇక్కడివాళ్ళ పాత క్విల్టుల కథలు మనకు ఎలా తెలుస్తున్నాయి? వాటి వెనక మూలలో కుట్టిన చిన్న గుడ్డ ముక్క వల్ల. దాన్ని లేబుల్ అంటారు. ఎవరు కుట్టారు, ఎవరి కోసం, ఏ ఊళ్ళో, ఏ ఏడు అన్నది దాని మీద ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా ఆడవాళ్ళు రెడ్‌క్రాస్ తరఫున బ్రిటన్‌కు వేల క్విల్టులు కుట్టి పంపారు. వాటి మీద రెడ్‌క్రాస్ కానుక అని చిన్న లేబుల్ ఉండేది. కుట్టిన మనిషి పేరు ఉండేది కాదు. ఏ క్విల్టు ఎవరు కుట్టారో ఇప్పుడు చెప్పడం చాలా కష్టం. అందుకే గిల్డులో కొత్తవాళ్ళకు మొదట చెప్పే మాట: పేరు కుట్టకుండా క్విల్టు పూర్తి చేయకండి.

మన పూర్వీకులకూ ఒక లేబుల్ ఉంది. ఎమిగ్రేషన్ పాసు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు. అన్నీ ఒక గుమాస్తా ఇంగ్లీషులో రాశాడు. మా ముత్తవ్వ పాసు నకలు మా దగ్గర ఉంది. అందులో ఆమె పేరు తెలుగులో రెండు రకాలుగా చదవవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి అచ్చుకూ దీర్ఘానికీ తేడా తెలియదు, ద కూ డ కూ తేడా తెలియదు.

బొంత మీద లేబుల్ కుట్టడానికి మా కోడలు కూర్చుంది. పేరు రాయబోయి ఆగింది.

"అత్తా, ఇక్కడ దీర్ఘం ఉందా, లేదా?"

నాకు తెలియదు. మా అమ్మకు ఫోను చేశాం. అమ్మ చదువుకోలేదు. దీర్ఘం అంటే ఏమిటో ఆమెకు చెప్పలేం. అందుకని "ఆ పేరు పెట్టి ఒకసారి గట్టిగా పిలువమ్మా" అన్నాను. అమ్మ పిలిచింది. చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా పిలవగా విన్నదో అలాగే పిలిచింది. దీర్ఘం ఉంది. నూరేళ్ళ పైన ఆ దీర్ఘం ఏ కాగితం మీదా లేదు, ఒక ముసలావిడ నోట్లో ఉంది. ఇప్పుడు గుడ్డ మీద ఉంది.

మీరూ ఈ పని చేయవచ్చు. దానికి క్విల్టు కూడా అక్కర్లేదు. ఒక దిండు గలీబు, ఒక చేతిరుమాలు చాలు. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి సాదా కుట్టు పనికిరాదు, గీత తెగినట్టు కనిపిస్తుంది. ప్రతి కుట్టుకూ ఒక అడుగు వెనక్కి వచ్చి ముందుకు పోయే కుట్టు వేయండి. వంపు దగ్గర కుట్లు చిన్నవి చేయండి. మొదట పెన్సిలుతో వేలెడు ఎత్తున అక్షరాలు రాసుకోండి. ర, ట, ప తేలిక. జ, ఋ కష్టం. తలకట్టు ఆఖరున కుట్టండి. అక్షరాన్ని సూదితో ఒకసారి తిరిగి వస్తే, దాని రూపం మళ్ళీ మరిచిపోరు. మా కోడలికి పుస్తకం రాయించలేని ణ ను సూది రాయించింది.

లేబుల్ మీద క్రియ జాగ్రత్తగా ఎంచుకోండి. మీరే కుడితే "కుట్టాను". అమ్మమ్మ కుడితే "కుట్టారు" అంటే మర్యాద. మీ ఇంట్లో అమ్మమ్మను చనువుగా పిలుస్తారా, అయితే "కుట్టింది" అన్నా తప్పు లేదు. చాలామంది కలిసి కుడితే "కుట్టాం". మా బొంత మీద రాసింది "కుట్టాం" అనే.

ఈ ప్రదర్శనలకు వెళ్ళాలంటే మీ ఊరి గ్రంథాలయంలో నోటీసు బోర్డు చూడండి. ఆంటారియోలో ఉండేవాళ్ళు మే నెలాఖరులో న్యూ హాంబర్గ్ వెళ్ళవచ్చు. అక్కడ మెన్నోనైట్లు 1967 నుంచి సహాయ నిధి కోసం క్విల్టులు వేలం వేస్తున్నారు. వెళ్ళేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్ళండి. ఏదో ఒక క్విల్టు ముందు వాళ్ళు ఆగుతారు. ఇలాంటిది మా ఇంట్లో ఉండేది అంటారు. దాన్ని ఏమని పిలిచేవారో, ఎవరు కుట్టారో, ఏ చీరో అప్పుడే అడగండి. వాళ్ళు చెప్పిన పేర్లు రాసుకోండి, దీర్ఘాలతో సహా.